వెనక నాలుగు వేళ్ళు, ముందు రెండు

కుట్టు టేపు దగ్గర మొదలైంది గొడవ. మిషను సొరుగులో ఉండాల్సిన పసుపుపచ్చ టేపు వరండా గట్టు మీద చుట్ట చుట్టుకుని పడి ఉంది. పన్నెండో అంగుళం నుంచి ఇరవయ్యో అంగుళం దాకా నల్లటి గ్రీజు.

“మీ షాపులో ఇనప టేపులు అన్ని వేలాడుతుంటాయి. నా జాకెట్ల టేపే దొరికిందా మీకు?” అంది సుచిత్ర.

ఆమె భర్త డేనియల్ ఎర్ర కారు వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. “ఇనప టేపు వంపులో వంగదు సుచీ. నీది వంగుతుంది,” అన్నాడు తల తిప్పకుండా.

“వంగేదాన్నే కదా ఎవరైనా వాడుకునేది.”

పడక్కుర్చీలో పేపరు చదువుతున్న మామగారు ప్రకాశరావు హెడ్మాస్టరుగా రిటైరయిన మనిషి. తగవు ఎంత చిన్నదైనా తీర్పు చెప్పకుండా ఉండలేరు. కాస్త కిరోసిను పెట్టి తుడిస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకన్నారు. కిరోసిను పెడితే గ్రీజుతో పాటు అంకెలు కూడా పోతాయని, అంకెల్లేని టేపు లంగా బొందుకి తప్ప దేనికీ పనికిరాదని సుచిత్ర జవాబు చెప్పింది. లోపల్నుంచి అత్తగారు ఎలీసబెతు, దీపాలవేళ ఈ కొలతల గోల ఏమిటని కేకేసింది. అంతటితో గొడవ చల్లారినట్టే కనిపించింది.

చల్లారలేదు. తన కోపం టేపు మీద కాదని సుచిత్రకి తెలుసు. రేపు శనివారం పొద్దున ఆ కారెక్కి మచిలీపట్నం నుంచి అవనిగడ్డ దాకా వెళ్ళాలి. ఎక్కనంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే, తనకిప్పుడు పదో వారం అని చెప్పాలి.

ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. డేనియల్‌కి కూడా తెలీదు.

ముందు రెండుసార్లూ చెప్పింది. మొదటిసారి డేనియల్ సంతోషం పట్టలేక ఆ పూటే వాళ్ళమ్మకి చెప్పాడు. ఆవిడ తన తమ్ముడు జీవరత్నం గారికి ఫోను చేసింది. ఆయన అవనిగడ్డలో పాస్టరు. ఆ ఆదివారమే ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు, ‘బందరులో మన సుచిత్రమ్మ గర్భఫలం గురించి’ అని మైకులో చదివారు. ఇక్కడి చర్చిలోనూ చదివించింది అత్తగారు. తొమ్మిదో వారంలో పోయింది. రెండోసారీ అలాగే చదివారు. పదకొండో వారంలో పోయింది. ఆ తర్వాత ఆరు నెలలు చర్చి మెట్ల మీద ఎదురైన ప్రతి ఆడమనిషీ చెయ్యి పట్టుకుని, బరువులెత్తావా అమ్మా, ఆటో ఎక్కావా అమ్మా, అని ఆరా తీసేది. అందరూ ప్రేమతోనే అడిగారు. అదే భరించలేకపోయింది.

ఇందులో నువ్వు చేసిన తప్పేం లేదు, కుదుపులకి పోయేది కాదిది, అని డాక్టరమ్మ స్పష్టంగానే చెప్పింది. సుచిత్ర బియస్సీ చదివింది. ఆవిడ మాట అర్థమైంది, నమ్మింది కూడా. కానీ రెండోసారి నొప్పి మొదలైంది పక్కనున్న గూడూరు నుంచి ఆటోలో వస్తూ ఓ గతుకు దాటిన వెంటనే. ఆ గతుకుని ఆమె మనసు క్షమించినా ఒళ్ళు క్షమించలేదు. ఈసారి పన్నెండు వారాలూ నిండేదాకా నోరు విప్పకూడదనుకుంది.

ఇక కారు సంగతి. డేనియల్‌ది చేపల బోట్ల ఇంజన్లకి సామాన్లు అమ్మే షాపు. రోజంతా డీజిలు వాసన, ఉప్పుగాలికి తుప్పుపట్టిన నట్లు. చిన్నప్పుడు కార్ల బొమ్మలు కత్తిరించి లెక్కల పుస్తకంలో అంటించుకున్నవాడు, ముప్ఫై అయిదేళ్ళకి, అంటే రెండు వేల అయిదు జనవరిలో, హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేసిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు తెచ్చుకున్నాడు. నెల తిరక్కుండానే దాని స్ప్రింగులు మార్చాలన్నాడు. పొట్టిగా, గట్టిగా ఉండేవి వేస్తే కారు నేలకి దగ్గరగా దిగుతుందట, మలుపుల్లో ఒరగదట. బెంగుళూరు నుంచి కొరియర్లో వచ్చిన నాలుగు నీలం స్ప్రింగుల్నీ భోజనాల బల్ల మీద నిలబెట్టి ఇంటిల్లిపాదికీ చూపించాడు.

“ఎత్తు పెరగడానికి పాట్లు పడేవాళ్ళని చూశాను గానీ, పొట్టిగా అవడానికి ఇంత ఆరాటపడేవాణ్ణి నిన్నే చూస్తున్నా,” అంది ఎలీసబెతు.

వాటిని వేసింది గుడివాడ మెకానిక్ ఇస్సాకు. చెయ్యి తిరిగిన మనిషే. చేపల చెరువుల గట్ల మీద తిరిగే జీపులూ వ్యాన్లూ అన్నీ అతని షెడ్డుకే వస్తాయి. ఆ గట్ల మీద, ఆ కాలవ రోడ్ల మీద బండి పొట్ట నేలకి తగలకుండా స్ప్రింగు చుట్టల మధ్య రబ్బరు దిమ్మలు దూర్చి ఎత్తి పంపడం అతని చేతిపని. ఇరవయ్యేళ్ళలో బండి దించమని అడిగినవాడు డేనియల్ ఒక్కడేనట. నిజంగా దించమనేనా అని ఇస్సాకు రెండుసార్లు అడిగి, మూడోసారి కూడా అడిగి, చివరికి సరేనన్నాడట.

డేనియల్ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాక సుచిత్ర కారు దగ్గరికెళ్ళింది. అన్నానికి ఎసరు వేలితో కొలిచే చెయ్యి కదా, టేపు అక్కర్లేకపోయింది. ముందు చక్రానికీ పైన రేకుకీ మధ్య రెండు వేళ్ళు పట్టాయి. వెనక చక్రం దగ్గర నాలుగు వేళ్ళు దూరి ఇంకా చోటు మిగిలింది. రెండో పక్కా అంతే.

“వెనక దిగలేదేం?” అని అడిగింది అతను రాగానే.

“స్పోర్ట్స్ కారు అలాగే ఉంటుంది. దూకబోయే పులిలాగ.”

“నాకు కాలవలోకి దిగబోయే బాతులాగ ఉంది. ఇస్సాకు గారిని ఒక్కసారి అడగండి.”

అతనికి నవ్వు రాలేదు. ఆ కొలత తనకీ నచ్చలేదని అతని మొహంలో తెలుస్తూనే ఉంది. కానీ నచ్చలేదని ఒప్పుకుంటే రేపటి ప్రయాణం ఆగిపోతుంది. అడగలేదు.

కొత్త బండి ఏది కొన్నా డేనియల్ మేనమామ జీవరత్నం గారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాకే దూరాలు తిప్పడం ఆ ఇంటి ఆనవాయితీ. స్కూటరుకీ, షాపు ఆటోకీ అలాగే జరిగింది. ఆ కారు వెనక సీటులో పిల్లలు తప్ప పెద్దవాళ్ళు పట్టరు కనక శనివారం పొద్దున్నే అత్తమామలు బస్సుకి బయల్దేరారు. అత్తయ్యగారికి తోడుగా నేనూ బస్సులో వెళ్తానని సుచిత్ర అని చూసింది. డేనియల్ కారు అద్దం తుడుస్తున్న గుడ్డని మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. “మొదటిసారి పక్కసీటు ఖాళీగా పెట్టుకుని వెళ్ళనా?” అన్నాడు చివరికి. ఆమె వెళ్ళి తలుపు తీసుకుని కూర్చుంది. కూర్చోవడం కాదు, నేల మీద చతికిలబడ్డట్టుంది.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. దాటాక రోడ్డులో ఉన్న ప్రతి అతుకూ, ప్రతి గులకరాయీ వెన్నులోంచి తలకి తెలుస్తోంది. సుచిత్ర రెండు చేతులూ సీటుకి ఆనించి ఒంటిని కొంచెం పైకి లేపి ఉంచుకుంది. రోడ్డు మీదే చూపు. దూరంగా స్పీడుబ్రేకరు కనపడగానే అతనికంటే ముందు ఆమె కుడికాలు లేని బ్రేకుని తొక్కేది. మెల్లిగా, మెల్లిగా అంటే, మెల్లిగానే వెళ్తున్నాను కదా అంటాడు. నిజానికి మెల్లిగానే వెళ్తున్నాడు. మూడుసార్లు కారు వెనక భాగం గుర్రం తన్నినట్టు ఎగిరింది.

చల్లపల్లి ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా రోడ్డు మీద సగానికి మినప మొక్కలు పరిచి ఉన్నాయి. కోతల రోజులు. బళ్ళు తొక్కితే కాయలు చిట్లి మినుములు రాలతాయని రైతులు ఇలా పరుస్తారు. పరిచిన దాని మీంచి వెళ్ళడం ఆ దారిన పోయేవాళ్ళందరూ చేసే సాయం. తప్పుకుని వెళ్తే తప్పుపడతారు. డేనియల్ కూడా పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ బస్సులోనూ స్కూటరు మీదా చేసిన పనే కనక, ఆలోచించకుండా దాని మీదికి పోనిచ్చాడు.

పది గజాలు కూడా పోలేదు. కింద గరగరమని ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు, వెనక కుడివైపు ధబ్బున ఓ దెబ్బ, దాంతో కారు ఆ పక్కకి ఒరిగిపోయింది. ఎండుగడ్డి మాడిన వాసన. “దిగు సుచీ, దిగు,” అన్నాడు. ఆ లోతు సీటులోంచి లేవడానికి ఆమె రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

మినప చేను తాలూకు మనిషి పాపాయమ్మ అట, బిందెతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కారు కిందికి వంగి చూసి, కొంగుతో నోరు మూసుకుంది. ఒక బండెడు మొక్కలు కింద చుట్టుకుపోయి ఉన్నాయి.

“చూడి గేదెలాగుంది బాబూ నీ కారు. పొట్ట నేలకి ఆనుతోంది. ఈనేదెప్పుడు?” అంది.

డేనియల్ నవ్వాడు. సుచిత్ర చెట్టు నీడ వెతుక్కుంటున్నట్టుగా అటు తిరిగి, చీర కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

వేడి గొట్టానికి అంటుకున్న మొక్కలు పొగ చిమ్ముతుంటే నీళ్ళు పోస్తూ ఇద్దరూ లాగి పారేశారు. ఆ గడ్డితో పాటే డేనియల్ చేతికి ఓ నల్లటి రబ్బరు దిమ్మ వచ్చింది. మోకాళ్ళ మీద వంగి రెండో పక్క వెనక స్ప్రింగులోకి చూశాడు. అక్కడ నీలం చుట్టల మధ్య అలాంటిదే ఇంకొకటి బిగించి ఉంది. సెల్లు తీసి ఇస్సాకుకి ఫోను చేశాడు. అవతలి మాట పక్కనున్న సుచిత్రకీ వినపడింది.

“అవునండీ, నేనే పెట్టాను. మీరు సరదాపడ్డారు గదా అని ముందర దించాను. ఇంట్లో ఆడవాళ్ళు ఎక్కే బండి, వెనకాల నేలకి తగిలితే ఎలాగండీ? మీరు కాదంటారని చెప్పలేదు. వాటికి డబ్బులు కూడా వేసుకోలేదండీ.”

డేనియల్ కోప్పడలేకపోయాడు. ఫోను పెట్టేసి, చేతిలో దిమ్మని అటూ ఇటూ తిప్పుతూ, “నువ్వన్నది నిజమే. నాలుగు వేళ్ళు,” అన్నాడు. సుచిత్ర తన సంగతి చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేను బస్సులో వస్తాను, ఎందుకంటే, అని మొదలుపెడితే చాలు. కానీ అతని చొక్కా అంతా గ్రీజు, జుట్టులో మినప ఆకులు, కళ్ళలో పరీక్ష తప్పిన కుర్రాడి చూపు. పైగా పాపాయమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని వింటోంది. సుచిత్ర మళ్ళీ కారెక్కింది.

ఒరిగిన కారు మిగతా దారంతా కుడివైపు టైరు రేకుకి రాసుకుంటూ నడిచింది. పులిగడ్డ దగ్గర రోడ్డు అతుకు మీద ఓ కుదుపు. సరిగ్గా అప్పుడే పొత్తికడుపులో సన్నగా, కుట్టులోంచి దారం లాగినట్టు నొప్పి వచ్చింది. పోయింది. మళ్ళీ వస్తుందేమోనని ఆమె అంకెలు లెక్కపెట్టడం మొదలెట్టింది. అరవై దాకా రాలేదు. నూట నలభై దగ్గర వచ్చిందో, వచ్చిందనుకుందో తెలీలేదు. డేనియల్ ఏదో చెబుతున్నాడు. ఊఁ అంటోంది. డాక్టరమ్మ చెప్పిన మాటలు వరసగా గుర్తు చేసుకుంది. ఒక్కటీ తప్పిపోలేదు, ఒక్కటీ పనిచెయ్యలేదు.

జీవరత్నం గారి ఇంటి ముందు కారాగగానే ఎవరితోనూ మాట్లాడకుండా స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. చూసుకుంది. ఏమీ లేదు. వెలుతురు చాలదేమోనని కిటికీ రెక్క తీసి మళ్ళీ చూసుకుంది. ఏమీ లేదు. గోడకి చెయ్యి ఆనించి, నీళ్ళ తొట్టి పక్కన చాలాసేపు నిలబడిపోయింది. బయట పాస్టరు గారి గొంతు మొదలైంది. “ప్రభువా, ఈ వాహనాన్నీ, దీని ఇంజనునీ, బ్రేకుల్నీ, కొత్తగా వేసిన స్ప్రింగుల్నీ నీ కాపుదలలో ఉంచుము.” స్ప్రింగుల సంగతి డేనియలే అందించి ఉంటాడు. బయటికి వచ్చి, ఆమేన్ అనే వేళకి అందరి వెనక నిలబడింది.

భోజనాలకి కూర్చున్నారు. మామిడికాయ పప్పు, రొయ్యల వేపుడు. జీవరత్నం గారి భార్య వడ్డిస్తోంది. పాపాయమ్మ గేదె మాట డేనియలే చెప్పి అందర్నీ నవ్వించాడు. ప్రకాశరావు, కారు సంగతి అలా ఉంచి ఇస్సాకుని మెచ్చుకోవాలన్నారు. అడిగింది ఇచ్చి, అవసరమైంది కలిపి ఇచ్చాడట. డేనియల్‌కి హుషారు తిరిగొచ్చింది. సోమవారం గుడివాడ వెళ్ళి ఆ రెండో రబ్బరు కూడా తీయించేస్తే వెనక కూడా సమంగా దిగుతుందన్నాడు. అప్పుడు చూడాలన్నాడు. ఈస్టరు వెళ్ళాక సుచినీ తీసుకుని విజయవాడ, అటు నుంచి ఏలూరు, ఒకే రోజులో వెళ్ళొస్తానని చెప్పాడు.

“ఏమ్మా, నువ్వేం తినడం లేదు?” అంది ఎలీసబెతు.

సుచిత్ర కలుపుకున్న ముద్దని కంచంలో పెట్టేసింది.

“నాకు పదో వారం జరుగుతోంది,” అంది డేనియల్ వైపు చూసి. “మీకు చెప్పకపోవడం నా తప్పే. ఎందుకు చెప్పలేదో ఇంటికెళ్ళాక చెప్తాను.”

వడ్డిస్తున్న గరిటె ఆగింది. డేనియల్ నోరు తెరిచాడు. ఆమె ఎడమ చెయ్యి కాస్త పైకెత్తింది, ఇంకా అవలేదన్నట్టు.

“అయ్యగారూ,” అంది జీవరత్నం గారితో, “ఈసారి నా పేరు చర్చిలో చదవద్దు. ఇక్కడా వద్దు, బందర్లోనూ వద్దు అత్తయ్యగారూ. ఎవరైనా అడిగితే తెలీదనండి.” మళ్ళీ డేనియల్ వైపు తిరిగింది. “ఆ కారు మీరు ఎంత కిందికి దించుకుంటారో దించుకోండి, నేను అడ్డు రాను. బిడ్డ పుట్టేదాకా నేను మాత్రం అది ఎక్కను. ఇవాళ మావయ్యగారితోనూ అత్తయ్యగారితోనూ బస్సులో వెళ్తున్నాను.”