కళ్ళాపి నీళ్ళలో కూలిన ఏడంతస్తులు

నేను ఒక అపార్టుమెంటును. ఏడంతస్తులున్నాయి, ఒక్క ఇటుక లేదు. ట్యాబ్ కెమెరా ఎత్తి చూస్తే తెర మీద ఉంటాను, దించితే పోతాను. సముద్రం పక్కన ఈ జాలరిపేట స్థలంలో ఏం కట్టబోతున్నారో కొనేవాళ్ళకు చూపించడానికి ఒక కంపెనీ నన్ను తయారుచేసింది. నన్ను చేసినవాళ్ళంటే నాకు అసహ్యం. దాచను.

నాలాంటిదాన్ని నేలకు కట్టెయ్యాలంటే కెమెరాకు గుర్తులు కావాలి. గీతలు, చుక్కలు, మూలలు. ఇసుక పనికిరాదు, అంతా ఒకేలా ఉంటుంది. ఇంజనీరు అభిరాం పేటంతా తిరిగి, నూకరత్నం అనే ఆమె ఇంటి వాకిట్లో గచ్చు మీద పెద్ద ముగ్గు చూశాడు. "సూపర్" అన్నాడు. దానికే నన్ను కట్టాడు. అభిరాం వాళ్ళ ఫ్లాటు గుమ్మం ముందున్నది స్టిక్కరు ముగ్గు. ఐదేళ్ళుగా అదే. ముగ్గంటే చెరగదనుకున్నాడు, అంత చదివినవాడు!

మర్నాడు పొద్దున్నే కంపెనీ మేనేజరు పదిమంది కొనేవాళ్ళను వెంటేసుకొచ్చాడు. అప్పటికే నూకరత్నం కళ్ళాపి చల్లి వేరే ముగ్గు వేసేసింది. ఇంకెక్కడ నిలబడను? ఒకాయన ట్యాబులో సముద్రం మీద తేలాను. ఒకావిడ ట్యాబులో ఆవిడ మొగుడి నెత్తినెక్కాను.

"నిన్నటి ముగ్గే మళ్ళీ వెయ్యమ్మా, అర్జంటు," అన్నాడు మేనేజరు.

"నిన్నటి ముగ్గు ఇయ్యాల ఏత్తారేటి బాబూ? ఏ ఊరోడివి నువ్వు?" నవ్వింది నూకరత్నం. "ఇంతకీ ఏటికది?"

అభిరాం నిన్న తీసిన వీడియో చూపించాడు. ఆమె వాకిట్లో నేను తళతళలాడుతూ నిలబడి ఉన్నాను.

"ఇందులో నా ఇల్లేదిరా నాయినా?"

అభిరాం వీడియో ఆపేశాడు. "ఖాళీ చెయ్యమని నోటీసు వస్తుందిలే," అన్నాడు మేనేజరు.

నూకరత్నం నవ్వు పోయింది. బిందె ఎత్తి కొత్త ముగ్గు మీద కుమ్మరించింది. "ఓలమ్మా, రండే! మన కొంపల మీద మేడ కట్టేత్తన్నారు!"

పేట ఆడవాళ్ళంతా బిందెలతో దిగారు. కొనేవాళ్ళ బూట్లు తడిశాయి. కార్లు కదిలాయి.

మేనేజరు ఊరుకునే రకం కాదు, రేపు ఇంకో గుర్తు వెతుకుతాడు. నేను నిలబడాలంటే ఆమె వాకిలి కావాలి. నేను అమ్ముడుపోతే ఆ వాకిలే ఉండదు. ఇదీ వాళ్ళ తెలివి! మీ ఫోనులో నాలాంటి మేడ కనిపిస్తే నోరెళ్ళబెట్టకండి. ఫోను దించి ఎదురుగా చూడండి. అక్కడ ఎవరో పొయ్యి వెలిగించుకుంటూ ఉంటారు.

ఇప్పుడు ట్యాబులో గిరగిరా తిరుగుతూ నేల కోసం వెతుకుతున్నాను. దొరక్కూడదు.