పూడ్చనివ్వం

గంగులు శవాన్ని ఇంటి ముందు దించామో లేదో, మందుల కంపెనీ ఏజెంటు ధనరాజు కారులోంచి కొత్త తెల్లగుడ్డ, బంతిపూల దండ తీశాడు. బేరం కుదిరిన సరుకు కట్టించుకొచ్చినట్టు తెచ్చాడు.

"తొరగా ఎత్తండి. ఎండెక్కితే బాగోదు," అన్నాడు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

వాడి తొందర మాకు తెలుసు. శవం ఊళ్ళో ఉండగా మా తీరంలో పడవ నీళ్ళలోకి దిగదు. పడవ దిగకపోతే పొయ్యి వెలగదు. అందుకని ఊరే తొందరపడి పూడ్చేస్తుందని వాడి ధీమా.

నేను ఈ ఊరివాణ్ణే, శ్రీకాకుళంలో చదువుకుంటూ విద్యార్థి సంఘంలో తిరుగుతుంటాను. వేసవిలో కంపెనీవాళ్ళు ఇక్కడ బీపీ క్యాంపని టెంటు వేసి, కొత్త మందుని మావాళ్ళ మీద పరీక్షించారు. ఇలాంటి పరీక్షల్లో జనం చస్తున్నారనే ఇదివరకే సుప్రీంకోర్టు కలగజేసుకుంది. ప్రతి మనిషికీ మంచీ చెడూ విడమరిచి చెప్పండి, అతని ఒప్పుకోలు వీడియో తీయండి అంది. కంపెనీ చెప్పడం మానేసి వీడియో మాత్రం శుభ్రంగా తీసింది. మా కులపెద్ద అప్పలసూరి ఊ అంటే ఊరంతా ఊ అన్నట్టే. కెమెరా ముందు ప్రతివాడూ, "పెద్దమావ ఒప్పుకున్నాడు గదా, మళ్ళీ నన్నేటి అడగడం?" అని నవ్వాడు. ఆ నవ్వులన్నీ కంపెనీ దాచుకుంది. తీర్పుతో చేతులు తుడుచుకునే వ్యాపారం, థూ!

మాత్రలు మొదలెట్టాక గంగులు కాళ్ళు వాచాయి, కళ్ళు పచ్చబడ్డాయి. "అలవాటవుతాది, మానీకు," అన్నాడు ధనరాజు. ఇప్పుడేమో సారా తాగి చచ్చాడంటున్నాడు.

గంగులు పెళ్ళాం మరిడమ్మ లేచి నిలబడింది.

"కోసి సూడాల. ఏటి సంపిందో తేలాల. అప్పుడే పూడుస్తాం."

"వొదినా, సేపలు పడుతున్న రోజులు," అన్నాడు మరిది సోములు. "పడవ దిగకపోతే పిల్లలకేటెడతాం?"

"ఆ మాత్రలు నువ్వూ మింగుతున్నావు కదరా. రేపు నీ శవం కాడా ఇదే మాటంటారు."

సోములు కిందికి చూసుకున్నాడు. వాడి పాదాలు కూడా వాచే ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు.

ధనరాజు ఫోను కొట్టిన కాసేపటికే ఎస్సై జీపులో దిగాడు. తిన్నగా అప్పలసూరి దగ్గరికి పోయాడు.

"పెద్దమనిషివి, ఒక్క మాట చెప్పు. ఎత్తేస్తారు."

"సెప్పను బావూ," అన్నాడు ముసలాయన. "నా ఒక్క మాటే ఆడిని మింగీసింది. అడగాలంటే ఒక్కొక్కల్నీ అడుగు."

"ఆడోళ్ళనడుగు ముందు!" అంది వెనకనించి పక్కింటి అసిరమ్మ.

"నానొప్పుకోను!" అంది మరిడమ్మ.

"నానూ ఒప్పుకోను!" అని గుంపులోంచి ఇంకో గొంతు.

ఎస్సై ఒక్కొక్కర్నీ అడగలేదు. అప్పలసూరి మెడ పట్టుకుని జీపులోకి తోశాడు. శాంతిభద్రతలట. మనిషిని చంపినప్పుడు చెడని శాంతి, ఎందుకు చచ్చాడని అడిగితే చెడిపోయింది.

మా ఆడవాళ్ళు పడవని తాకరు, తాకితే అరిష్టమంటారు. మరిడమ్మ ఇసకలోకి పరిగెత్తి గంగులు పడవకే భుజం ఆనించి రోడ్డు వైపు నెట్టింది. అసిరమ్మ వెళ్ళింది, మిగతా ఆడవాళ్ళూ వెళ్ళారు. అప్పుడు సోములు హైలెసా అని కేక పెట్టాడు. సముద్రంలోకి పోవలసిన పడవలన్నీ రోడ్డు మీదికి నడిచాయి. ఊరికున్న ఆ ఒక్క తారురోడ్డూ మూసుకుపోయింది. జీపు మధ్యలో చిక్కింది, ధనరాజు కారు దాని వెనక.

"దారి వదలండి! అందర్నీ లోపలేస్తాను!" ఎస్సై లాఠీతో పడవని కొట్టాడు.

మరిడమ్మ కదల్లేదు.

"ఒగ్గుతాం. జీపు పెద్దాసుపత్రికెళ్తే ఒగ్గుతాం. పెద్దమావని దించి నా మొగుణ్ణెక్కించు. ఎనకాల ఆ మాత్రలు మింగినోళ్ళందరూ వస్తారు. సచ్చినోణ్ణి కొయ్యండి, బతికున్నోళ్ళని సూడండి. అందాకా ఈ ఊళ్ళో గొయ్యి తవ్వే మడిసి లేడు."