ముందద్దం, కింద సంతకం

కారు డిక్కీ ఖాళీ చేస్తున్నాను. ముందద్దం మార్చే షాపువాళ్లు ఫోన్‌లో మూడు షరతులు చెప్పారు. బండిలో బరువు ఉండకూడదు, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, ట్యాంకు నిండుగా ఉండాలి. స్పీకర్లో ఆ మూడూ విని మా ఆయన, "నువ్వు చూసుకో, ఇంట్లోనే ఉంటావుగా" అన్నారు. నేను ఇంట్లో ఉండను. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఒక పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాస్తాను. అక్కడ జనం నోళ్లు తెరుస్తారు, ఇంట్లో నేను నోరు మూస్తాను, లెక్క సరిపోతుంది. కానీ మా ఇంటి గణితంలో సగం రోజు ఉద్యోగమంటే సున్నా. అందుకని సున్నాకి సెలవు పెట్టాను.

డిక్కీలోంచి ఆయన బ్యాడ్మింటన్ సంచి తీశాను. అందులో రాకెట్టు తప్ప అన్నీ ఉన్నాయి. అత్తయ్య నడుము దిండు, ఆవిడ మడత కుర్చీ, ఆయన ఆఫీసు ఫైళ్లు, మా అమ్మాయి హాస్టల్‌కి వద్దని వదిలేసిన బూట్లు. నావేమన్నా ఉన్నాయా అని వెతికితే ఒక గుడ్డసంచి దొరికింది. అందులో ఇంకో గుడ్డసంచి ఉంది.

అద్దం ఎలా పగిలిందో కూడా చెప్పాలి. పోయిన ఆదివారం ఆయన కంకర లారీ వెనకాల దాని తోక పట్టుకున్నట్టు వెళ్తున్నారు. "కాస్త దూరంగా ఉండండి" అన్నాను. అనడం పూర్తయిందో లేదో, ఒక రాయి ఎగిరొచ్చి టక్కున తగిలింది. "నీ మాట వింటూ చూసుకోలేదు" అన్నారు. ఇరవై నాలుగేళ్లలో ఆయన నా మాట విన్నది ఆ ఒక్కసారే అన్నమాట. అద్దం పగిలింది అడ్డంగా, నింద పడింది నిలువుగా.

ఆయన కారంటే ఆయనకి ప్రాణం. నేను కూడా నడుపుతాను, పదిహేనేళ్లుగా. అయితే చుట్టాలొస్తే ఆయన మొదలుపెట్టే మాట ఒకటుంది: "మా ఆవిడ నడిపేది కారు కాదు బావా, కంగారు!" అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మాట బాగుంటుంది మరి. బాధల్లా ఏమిటంటే, ఆ మాట నాది. కొత్తగా నేర్చుకునే రోజుల్లో నా మీద నేనే వేసుకున్న జోకు అది. ఆయన దాన్ని అరువడిగి తీసుకున్నారు, ఇంతవరకూ తిరిగివ్వలేదు.

షాపు ఊరి చివర ఒక పెద్ద షెడ్డు. నేల అద్దంలా చదునుగా ఉంది. నీలం రంగు యూనిఫాంలో ముప్ఫై అయిదేళ్ల టెక్నీషియన్ ఎదురొచ్చింది. మెడలో కొలత టేపు, జేబులో నేల చదును చూసే రసమట్టం. "మీరేనా అక్కా, డిక్కీ నిజంగానే ఖాళీ చేసి తెచ్చారు! ఎవరూ చెయ్యరు" అంది. పని చేసినందుకు మెచ్చుకోలు వినేసరికి నాకు ఏం మాట్లాడాలో తెలియక, "బాత్రూం ఎక్కడ?" అని అడిగాను.

సన్నటి తీగని జిగురులోకి దూర్చి రంపంలా అటూ ఇటూ లాగి, ఆమె, తోటి మనిషీ కలిసి పాత అద్దాన్ని రబ్బరు పట్లతో పైకెత్తారు. అద్దం లేని కారు పళ్లు తీయించుకున్న మనిషిలా ఉంది. ఆ మొహాలు నాకు అలవాటే. కొత్తది అంటించి, జిగురు ఆరేదాకా ఆగాక, ఆమె నన్ను పిలిచి వెనకచూపు అద్దం పైన అగ్గిపెట్టెంత పెట్టె చూపించింది.

"ఇదే అక్కా, కెమెరా. బండికి ఇదే కన్ను. అద్దం మారిందంటే కన్ను కాస్త పక్కకి జరిగినట్టే. తిన్నగా అంటే ఏదో దానికి మళ్లీ నేర్పాలి. క్యాలిబ్రేషన్ అంటాం."

"ఎంత జరుగుతుంది?"

"వెంట్రుకవాసి. కానీ ఒక్క డిగ్రీ తేడా వచ్చిందనుకోండి, వంద మీటర్ల అవతలికి అది మనిషి నిలువంత తేడా అవుతుంది. పక్క లైన్లో లారీని మన లైన్లో ఉందనుకుని బ్రేకు వేసేస్తుంది. లేకపోతే మన ముందున్న లారీని పక్కదనుకుని వెయ్యదు."

"ఆ రెండోది మా ఆయన కెమెరా లేకుండానే చేస్తారు."

ఆమె పకపకా నవ్వింది. నేను మాత్రం ఆ ఒక్క డిగ్రీ దగ్గరే ఆగిపోయాను. కాపురానికి వచ్చిన రెండో వారంలో అత్తయ్య ప్రేమగానే అన్నారు, "అమ్మాయ్, నువ్వు చివర్లో తిను, ఎవరికేం కావాలో తెలుస్తుంది" అని. వెంట్రుకవాసి మాట. అప్పుడు అభ్యంతరం చెబితే గయ్యాళినయ్యేదాన్ని. చెప్పలేదు. ఆ డిగ్రీ మీదే తిన్నగా నడుచుకుంటూ వచ్చాను. ఇవాళ చూసుకుంటే మా ఇంట్లో వేడి అన్నం నాకు ఒక వార్త. అందరికీ కనిపించే దారి ఒకటి, నేను నడుస్తున్నది దాని పక్కన, మనిషి నిలువంత దూరంలో.

ఫోన్ మోగింది. ఆయనే.

"అయిందా?"

"అద్దం అయింది. క్యాలిబ్రేషన్ చెయ్యాలట. ఇంకో రెండు గంటలు."

"సెలబ్రేషనా?"

"దానికింకా టైముంది. క్యా-లి-బ్రే-ష-న్. కెమెరాకి దారి నేర్పాలట."

"రెండు గంటలేంటి నీ మొహం! మూడింటికి ఆఫీసు నుంచి పెద్దసారుని ఎక్కించుకోవాలి. రెండొందల కిలోమీటర్లు. వద్దని చెప్పి పట్రా. వచ్చాక చూద్దాం."

ఆ ప్రయాణం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పోయిన నెల హైవే మీద ఆయన రెండు చేతులూ తల వెనక పెట్టుకుని, "చూశావా బావా, స్టీరింగు అదే తిప్పుకుంటుంది!" అని మా తమ్ముడికి ప్రదర్శన ఇచ్చారు. ఇవాళ ఆ ప్రదర్శన పెద్దసారుకి. చూపు తప్పిన బండిలో, చేతులు తీసేసిన మనిషి.

"వద్దంటే ఏమవుతుంది?" అని టెక్నీషియన్ని అడిగాను.

"మేం బలవంతం చెయ్యం అక్కా. ఈ ఫారం మీద సంతకం పెట్టి తీసుకెళ్లిపోవచ్చు" అని ఒక కాగితం నా ముందు పెట్టింది.

'క్యాలిబ్రేషన్ వద్దని నేనే చెప్పాను. లేను సహాయం, ఆటోమేటిక్ బ్రేకు సరిగ్గా పని చెయ్యకపోవచ్చని నాకు తెలుసు. అందువల్ల బండిలో ఉన్నవారికి గాని, రోడ్డు మీద ఉన్నవారికి గాని ఏం జరిగినా పూచీ కింద సంతకం చేసినవారిదే.'

"లేను సహాయమా?"

ఆమె నాలిక్కరుచుకుంది. "లేన్ అక్కా, లేన్! లైను దాటితే వెనక్కి లాగేది. టైపు చేసినవాళ్లు కొమ్ము తగిలించారు. రెండేళ్లుగా ఇదే ఫారం, ఎవరూ చూడలేదు."

ఎవరూ చదవకుండానే సంతకాలు పెట్టారన్నమాట. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు రాలేదు. లేను సహాయం! ఇరవై నాలుగేళ్లుగా నేను చేస్తున్నది అదే కదా. పని జరిగినప్పుడు నేను లేను, పని చెడినప్పుడు నేను ఉన్నాను. అత్తయ్య కంటి ఆపరేషన్‌కి ముందు ఆస్పత్రిలో ఇలాంటి కాగితమే ఇచ్చారు. ఆయన వరండాలో ఫోన్ చెవికి పెట్టుకుని, నువ్వు పెట్టెయ్ అన్నట్టు చెయ్యి ఊపారు. పెట్టాను. నెలరోజులు కన్ను ఎర్రగా ఉండిపోతే, "సంతకం పెట్టింది నువ్వేగా, డాక్టర్ని సరిగ్గా అడక్కపోయావా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అమ్మాయి స్కూలువాళ్లు కొండకి తీసుకెళ్లినప్పుడూ ఆ పూచీ కాగితం మీద నా సంతకమే. కాలు బెణికి వస్తే మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మా ఇంట్లో సంతంతా వాళ్లది, సంతకం మాత్రం నాది. ఆయనకి తీరిక లేదు, కాగితాలు చదివే ఓపిక లేదు, పూచీ అంటే ఆయనకి పూచికపుల్ల. అంతే అనుకున్నాను ఇన్నాళ్లూ.

టెక్నీషియన్ పెన్ను మూత తీసి ఇచ్చింది. నా చెయ్యి అలవాటుగా దిగింది. మొదటి అక్షరానికి తలకట్టు పెట్టబోయి ఆగాను.

ఫారం ఫోటో తీసి ఆయనకి పంపాను. 'మీ బండి, మీ ప్రయాణం. సంతకం పెట్టి ఫోటో పంపండి, సరిపోతుందట' అని రాశాను.

పంపాక ఫోన్ కౌంటరు మీద బోర్లా పెట్టాను, తిప్పి చూశాను, మళ్లీ బోర్లా పెట్టాను. ఒక ఫోటో పంపినందుకు ఇంతగానా అని నా మీద నాకే జాలేసింది. టెక్నీషియన్ తన నీళ్ల సీసా నా వైపు జరిపింది. పదకొండు నిమిషాల తర్వాత ఫోన్ వచ్చింది.

"ఏంటిది?"

"ఫారం."

"ఫారమని తెలుసు. నువ్వు అక్కడే ఉన్నావుగా, పెట్టెయ్."

"మూడింటికి నడిపేది నేను కాదుగా."

"అబ్బా, ఊరికే ఫార్మాలిటీ."

"ఊరికే అయితే మీరే పెట్టండి."

అవతల ఎవరో తలుపు వేసిన చప్పుడు. గొంతు తగ్గించారు. "రోడ్డు మీద ఉన్నవాళ్లకి కూడా అని ఉందేంటి?"

"మరి అలాగే రాసుంది."

"పెద్దసారుకేమన్నా అయితే..." అని ఆగారు. ఆయన మాట మధ్యలో ఆగడం నేను చాలా తక్కువసార్లు విన్నాను. "సరే, సరే. చేయించెయ్. మేం టాక్సీలో పోతాం. కాగితాల మీద ఎలా పడితే అలా సంతకాలు పెట్టకూడదు" అని పెట్టేశారు.

ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన చదివారు. మూడో వాక్యంలో, గాని గాని మధ్యలో ఉన్న రోడ్డు మీది మనుషుల దాకా చదివారు. కాగితాలు చదవడం ఆయనకి బాగా వచ్చు. ఇన్నాళ్లూ చదవకుండా నా చేతికి ఇచ్చారనుకున్నాను. చదివే ఇచ్చారు.

కోపం వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. "అమ్మాయ్, మొదలుపెట్టు" అన్నాను.

ముందు షెడ్డులో, కారు ఎదురుగా చదరంగం గళ్ల బోర్డు నిలబెట్టి, ఆమె టేపుతో కొలిచింది. మళ్లీ కొలిచింది. మిల్లీమీటరు కోసం నేల మీద పాకింది. తర్వాత ట్యాబ్ తీసుకుని, "ఇప్పుడు రోడ్డు మీద నడపాలి. నడిపే మనిషి ఇంకో పని మీద వెళ్లాడు. నేను స్క్రీన్ చూస్తూ ఉండాలి. మీరు నడుపుతారా?" అంది.

"నేనా? నేను కాస్త..." కంగారు అనబోయి మింగేశాను. "నడుపుతాను."

"గీతలు బాగా కనిపించే రోడ్డుంది, అక్కడికి పోదాం. అరవైలో, ఒకే లైన్లో, అరగంట. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. ఎవరు ఫోన్ చేసినా ఎత్తకండి."

నా జీవితంలో అలాంటి ఆర్డరు ఎవరూ వెయ్యలేదు.

అయిదో నిమిషంలో ఫోన్ మోగింది. అత్తయ్య. ఆగి, మళ్లీ మోగింది. "ఎవరక్కా?" అంది. "మా అత్తయ్య. టీవీ రిమోట్ కనబడక." "మీకెలా తెలుసు?" "ఈ టైముకి అదే పోతుంది." మూడోసారి మోగినప్పుడు నా కాలు దానంతటదే బ్రేకు వైపు కదిలింది. "వేగం తగ్గుతోందక్కా!" అంది. కాలు వెనక్కి తీశాను. ట్యాబ్‌లో ముప్ఫై ఒకటి శాతం. నలభై. కొత్త అద్దంలోంచి రోడ్డు ఎంత శుభ్రంగా ఉందంటే, నా ముందు అద్దం ఉందన్న సంగతే మర్చిపోయాను. ఎవరికీ జవాబివ్వకుండా, ఎవరికేం కావాలో చూడకుండా, గీతకీ గీతకీ మధ్య తిన్నగా అరగంట నడిచాను. మొత్తం ఏడుసార్లు మోగింది. అన్నీ చూసే ఈ సెన్సార్లు ఒక్కటీ ఆ ఫోన్‌ని సెన్సారు చెయ్యలేదు, ఆ పని నేనే చేసుకున్నాను. ట్యాబ్ టింగుమంది.

"నూరు! ఒక్కసారికే అయిపోయిందక్కా. మా నడిపే మనిషికి ఎప్పుడూ రెండు సార్లు పడుతుంది."

షెడ్డుకి తిరిగొచ్చి, ఇంజన్ ఆపి, అత్తయ్యకి ఫోన్ చేశాను. రిమోట్ ఆవిడ దిండు కింద దొరికి అప్పటికే పావుగంట అయిందట. "ఎత్తవేం, కంగారు పడ్డాను" అన్నారు. "నడుపుతున్నాను అత్తయ్యా" అన్నాను. ఆవిడ టీవీ గొంతు తగ్గించారు. తర్వాత, "మరైతే ఎత్తకపోవడమే మంచిది" అన్నారు.

టెక్నీషియన్ ఇంకో కాగితం తెచ్చింది. "అంతా అయింది. డెలివరీ తీసుకున్నట్టు ఇక్కడ సంతకం పెడితే బండి తీసుకెళ్లొచ్చు. ఈ క్షణం నుంచీ బండి పూచీ మీదే."

తాళంచెవి నా చేతిలో ఉంది. నడిపే ఓపిక ఉంది, సరదా కూడా ఉంది. కానీ ఇప్పుడు ఇంటికి తీసుకెళితే గాలి చూడాల్సింది నేనే, డిక్కీ మళ్లీ నింపాల్సింది నేనే, రేపు ఇంకేదైనా గీత పడితే ఆ గీత కింద ఉండేది నా సంతకమే. తాళంచెవిని కౌంటరు మీద, కాగితం పక్కన పెట్టాను.

"ఆ గడి ఖాళీగా ఉంచమ్మా. రేపు మా ఆయన వచ్చి పెడతారు."

"ఆయన రాకపోతేనో?"

"వచ్చేదాకా బండి ఇక్కడే ఉంటుంది. దారి చూస్తుంది, బ్రేకు వేస్తుంది, తిన్నగా నడుస్తుంది. సంతకం పెట్టడం మాత్రం దానికి రాదుగా" అని చెప్పి, బస్టాపు ఎటో అడిగి బయల్దేరాను.