పగలగొట్టడానికి తెచ్చిన గాజులు

ఆ ఉదయం ఆకాశం నిండా మబ్బులు చేప పొలుసుల్లా పరుచుకున్నాయి. ఒడిశాలోని చమఖండి ఒడ్డున పుట్టినవాళ్ళకి ఆ మబ్బు కొత్త కాదు. పొద్దున్న అలా పొలుసు కట్టిందంటే మధ్యాహ్నానికి గాలి మళ్ళుతుంది. అయినా కానాగంత చేపలు పడే రోజులు. మగవాళ్ళు ఆకాశం కేసి ఒకసారి చూసి, నీళ్ళ కేసి రెండుసార్లు చూసి, బోట్లు దించేశారు.

బోట్లు దిగేటప్పుడు ఆ వాడలో ఒక పద్ధతి ఉంది. సముద్రానికి దండం పెట్టి మొదటి బోటు మీద చెయ్యి వేసేది కులపెద్ద నరసన్న. ఎదురు వచ్చేది ముత్తయిదువులు. మొగుడు పోయిన ఆడవాళ్ళు ఆ వేళకి ఒడ్డు మీద కనిపించరు. బోట్లు తిరిగి వచ్చేటప్పుడూ అంతే. పొమ్మని ఎవరూ చెప్పరు. చెప్పించుకోకుండా వాళ్ళే తప్పుకుంటారు. నరసన్న పెద్దకోడలు కాసమ్మ ఆ పొద్దున్న కూడా పెరటి తలుపు వెనక నిలబడి, ఇంజన్ల చప్పుడు దూరమయ్యాకే బయటికి వచ్చింది. ఆమె భర్త మసేను నాలుగేళ్ళ కిందట వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు.

చిన్నకోడలు సీతాలు మాత్రం భర్త జగ్గన్నని సాగనంపీ సాగనంపకుండానే ఇంట్లోకి పరుగు తీసింది. పెట్టెలోంచి పెళ్ళినాటి పట్టుచీర తీసింది. ఆ రోజు టీవీ వాళ్ళు వస్తున్నారు.

ఛత్రపురంలో టీకొట్టు నడిపే కొండబాబు ముందే వాడకి వచ్చి చెప్పాడు. "ఒరియా సీరియల్ షూటింగు. ఒడ్డు మీద నిలబడ్డానికి ఆడోల్లు కావాల. కూలి ఇస్తారు, పలావు పొట్లం ఇస్తారు. మీరు మాటాడక్కర్నేదు. ఊరికే నిలబడితే సాలు."

"ఊరికే నిలబడితే కూలిచ్చిన మారాజెవుడ్రా?" అంది పక్కింటి పుణ్యవతి. "నానలా నిలబడితే నా మొగుడు తిట్లే ఇస్తాడు."

అందరూ నవ్వారు. సీతాలు నవ్వలేదు. ఆమె అప్పటికే తనని టీవీలో చూసుకుంటోంది.

సీతాలుకి తోడికోడలంటే కాపురానికి వచ్చిన నాటినుంచీ కడుపులో ఒక ముల్లు. కాసమ్మ జుట్టు పొడుగు. కాసమ్మ పెట్టిన చేపల పులుసు జగ్గన్న రెండోసారి అడిగి వేయించుకుంటాడు. "ఒదిన సెయ్యి" అంటాడు. ఆ వదిన అందరూ తిన్నాక పెరటి అరుగు మీద తన సత్తుకంచం పెట్టుకుని ఒక్కతే తింటుంది. అందరికంటే వెనక తినే మనిషిని చూసి అసూయపడడానికేముంది అని మీరడగవచ్చు. అసూయకి న్యాయం తెలియదు. కుంటివాడి చేతికర్ర నున్నగా ఉందని కూడా అది ఏడుస్తుంది.

పొద్దెక్కేసరికి రెండు వ్యానులు వచ్చాయి. ఇసుకలో గొడుగులు పాతారు, కుర్చీలు వేశారు. ఆడవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. పట్టుచీరతో, తలనిండా మల్లెలతో, మెడ వరకూ పౌడరుతో సీతాలు అందరికంటే ముందుంది. టోపీ పెట్టుకున్న కుర్ర డైరెక్టరు ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చాడు. సీతాలు దగ్గర ఆగాడు. ఆమె కొంగు సర్దుకుంది.

"ఈ అమ్మ పెళ్ళికి వచ్చినట్టుంది. వెనక్కి పంపండి," అన్నాడు ఒరియాలో. అక్కడున్న ఆడవాళ్ళందరికీ ఒరియా వచ్చు. పుణ్యవతి కిసుక్కున నవ్వింది.

డైరెక్టరు దూరంగా, బోర్లించిన పాత బోటు నీడ వైపు వేలు చూపించాడు. "అదిగో, ఆమె. నాకా ముఖం కావాలి."

అక్కడ వెలిసిన చీరలో కాసమ్మ కూర్చుని ఉంది. మామగారికి పలావు పొట్లం పట్టుకెళ్దామని వచ్చిన మనిషి.

బరంపురం నుంచి వచ్చిన మేకప్ పిల్ల కాసమ్మని కుర్చీలో కూర్చోబెట్టింది. "అపా," అంది, ఒరియాలో అక్కా అని. "చెయ్యి ఇలా ఇయ్యి."

"నాకొద్దమ్మా. నాను..." అని కాసమ్మ ఆగిపోయింది. ఆ పిల్లకి ఆ ఊరి సంగతి తెలియదు. ఎర్రటి మట్టిగాజులు రెండు చేతులకీ ఎక్కించేసింది. నుదుట బొట్టు పెట్టింది. కాసమ్మ చెంపమీద వెంట్రుకలు లేకపోయినా సర్దుకోవడానికి చెయ్యెత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది. ఆ ఎత్తడం వెంట్రుకల కోసం కాదు, చెవి దగ్గర గాజుల చప్పుడు కోసం. అది అక్కడ ఇంకెవరూ కనిపెట్టలేదు. సీతాలు కనిపెట్టింది.

కనిపెట్టాక ఆమెకి ఒళ్ళంతా మండింది. తోడికోడలికి గాజుగ్లాసులో టీ ఇచ్చారు. తమకి కాగితం కప్పులు. తోడికోడలికి గొడుగు పట్టారు. తన పౌడరు చెమటకి చారలు కట్టి మెడలోకి దిగుతోంది. సీను ఏమిటంటే, వేటకెళ్ళిన భర్త కోసం భార్య సముద్రం కేసి చూస్తూ నిలబడాలి. కాసమ్మ నిలబడింది. చూసింది. అంతే. డైరెక్టరు "కట్" అనడం మరిచిపోయి, తర్వాత చప్పట్లు కొట్టాడు. వ్యాను డ్రైవర్లు కూడా కొట్టారు.

"ఆయమ్మ రోజూ సేసిన పనే కదా," అంది పుణ్యవతి మెల్లగా. "ఆడింక రాడని తెలిసీ నాలుగేల్లనుంచి అలాగే సూస్తంది."

ఆ మాట సీతాలు చెవిలో పడింది గాని మనసులో పడలేదు. ఆమె కొండబాబుని పక్కకి పిలిచింది.

"ఆయమ్మ మొగుడు పోయిన మనిషని నీకు తెల్దేటి? సేతులికి గాజులేటి, ఆ బొట్టేటి? మగోల్లందరూ నీల్ల మీదున్నారు. రేపేటైనా అయితే నీ టీవీ వొచ్చి ఆదుకుంటాదేటి?"

ఆ మాటల్లో భయం ఆవగింజంత. మిగతాదంతా అసూయ. కాని ఆచారం పేరు చెప్తే చాలు, అసూయకి కూడా పెద్దమనిషి పంచె దొరుకుతుంది. "నిజమే మరి" అంది ఒకామె. "అరిష్టం కాదేటి" అంది ఇంకొకామె. గొణుగుడు ఒడ్డంతా పాకింది. డైరెక్టరు గొడవకి జడిశాడు.

ఎవరూ అడగకముందే కాసమ్మ కుర్చీలోంచి లేచింది. గాజులు ఒక్కొక్కటే, చిట్లకుండా, చెయ్యి ముడిచి తీసి పళ్ళెంలో పెట్టింది. కొంగుతో బొట్టు తుడుచుకుంది. పాత బోటు నీడలోకి వెళ్ళి కూర్చుంది. సీతాలు వైపు చూడలేదు. ఒక్కసారి చూసి తిట్టి ఉంటే బాగుండేదని సీతాలుకి తర్వాత చాలాసార్లు అనిపించింది.

"నాను ముత్తయిదువునే బావూ," అంది సీతాలు డైరెక్టరుతో. "నాను నిలబడతాను."

పట్టుచీర తీయించి పాత నేత చీర కట్టించారు. ఆమె సొంత గాజుల పక్కనే ఎర్రగాజులు వేశారు. గొడుగు వచ్చింది. గాజుగ్లాసులో టీ వచ్చింది. అంత చక్కెర వేసినా ఆ టీ ఎందుకో ఆమెకి తియ్యగా లేదు. సముద్రం కేసి చూడమంటే కెమెరా కేసి చూసింది. మళ్ళీ చూసింది. ఎన్నిసార్లో తీసి, చివరికి విసిగిపోయి డైరెక్టరు సరే అన్నాడు.

అప్పటికి గాలి మళ్ళింది. నీటి మీద తెల్ల నురగ లేచింది. బోట్లింకా కనిపించడం లేదు.

"ఇప్పుడు రెండో సీను," అన్నాడు డైరెక్టరు. "భర్త పోయాడని కబురొచ్చింది. ఆడవాళ్ళు నలుగురూ ఈమెని పట్టుకుని గాజులు పగలగొట్టాలి. బొట్టు చెరపాలి. రాయి తెండి."

సీతాలు నీళ్ళ కేసి చూసింది. భర్త నీళ్ళమీద ఉండగా ఆ వాడ ఆడది గాజు తియ్యదు. చిట్లినా నోటితో చిట్లిందనదు. అటువంటిది రాయి పెట్టి కొట్టించుకోవడం! ఆమె రెండు చేతులూ చంకల్లో దాచుకుంది.

"నాను సెయ్యను."

"అవి కంపెనీ గాజులమ్మా. పగలగొట్టడానికే తెచ్చాం. ఇదంతా నటన."

"నా మొగుడు నటన కాదు బావూ! ఆడు నిజంగానే నీల్ల మీదున్నాడు!"

"పొద్దుపోతోంది. సీను లేకపోతే ఎవరికీ కూలి లేదు," అన్నాడు డైరెక్టరు.

"ఆయమ్మని లేపీసినావు. ఇప్పుడు నువ్వూ లెగిసిపోతే ఎలాగే?" అని కొండబాబు కసిరాడు.

"అందరి నోటికాడ కూడూ తీసేస్తావేటి?" అంది పుణ్యవతి.

"అయితే నువ్వు కూకో పున్నెవతీ! నీ గాజులు పగలగొట్టించుకో!"

పుణ్యవతి గబుక్కున చేతులు వెనక్కి పెట్టుకుంది. అక్కడున్న ముత్తయిదువులందరూ పెట్టుకున్నారు. తర్వాత, ఒక్కరూ పెదవి కదపకుండా, అందరి కళ్ళూ పాత బోటు నీడవైపు తిరిగాయి.

చదువుతున్న అమ్మలూ అయ్యలూ, ఇక్కడొక్క క్షణం ఆగండి. గాజులు వేసుకోవడానికి పనికిరాని చేతులు, పగలగొట్టించుకోవడానికి పనికొచ్చాయి. అరిష్టమని లేపేసిన మనిషినే, అరిష్టం మోయడానికి రమ్మని చూశారు.

కాసమ్మ లేచి వచ్చింది.

"దాని సేతులు ఒగ్గేయండి. దాని మొగుడు నీల్ల మీదున్నాడు." సీతాలు చేతులకున్న ఎర్రగాజులు తనే మెల్లగా తీసి తను వేసుకుంది. సీతాలు సొంత గాజులు వెనక్కి తోసి సర్దింది. "నువ్వెల్లి నీడన కూకో సెల్లీ."

కెమెరా తిరిగింది. నలుగురు ఆడవాళ్ళు కాసమ్మని పట్టుకున్నారు. రాయి పడింది. ఎడమచేతి గాజులు పోయాయి. ఆమె ఏడవలేదు. కుడిచేతివి పోయాయి. ఖాళీ చేతులు రెండూ తిప్పి చూసుకుంది. అప్పుడు, శవం లేదని, ఇంకా ఆశ ఉందని నాలుగేళ్ళ కిందట సరిగా ఏడవనివ్వని ఏడుపు, ఒక్కసారి పైకి వచ్చింది. "ఓ మసేనూ!" అంది. సీరియల్లో ఆ పేరు లేదు. అయినా ఎవరూ ఆపలేదు. మేకప్ పిల్ల దువ్వెన కిందపడేసి ఏడ్చింది.

అప్పుడు కూడా సీతాలుకి మొదట కలిగింది అసూయే. ఆ ఏడుపు తనకి రాదే అనుకుంది. అనుకున్న మరుక్షణం ఆ కోరికకి తనే ఉలిక్కిపడింది. ఏమిటి తను కోరుకుంటున్నది? దేన్ని చూసి ఇన్నాళ్ళూ ఏడుస్తోంది?

టీవీ వాళ్ళు సామాను సర్దుకున్నారు. కూలి ముట్టింది. నీటి అంచున బోట్లు చుక్కల్లా కనిపించాయి. ఆడవాళ్ళు అటు పరుగెత్తారు. కాసమ్మ మాత్రం ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని ఏదో వెతుకుతోంది. సీతాలు దగ్గరికి వెళ్ళి చూసింది. పగిలిన గాజుముక్కలు. ఒక్కొక్కటే ఏరి కొంగులో వేస్తోంది.

"ఏటి సేస్తన్నావప్పా?"

"బోటు దిగి మగోల్లు ఉత్తికాల్లతో వొస్తారు కదే. గుచ్చుకుంటాయి."

సీతాలు కొంగు దోపుకుంది. పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. ఇద్దరూ ఏరారు. ఒక ముక్క సీతాలు వేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది. ఆమె చెప్పలేదు.

బోట్లు దగ్గరికొచ్చాయి. కాసమ్మ కొంగు ముడి వేసుకుని అలవాటు ప్రకారం తుప్పల దారి పట్టింది.

"ఎక్కడికే కాసమ్మా?"

వలలు బాగుచేసే పాక ముందు నరసన్న కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. జరిగినదంతా అక్కడినుంచే చూశాడు.

"బోట్లొస్తన్నాయి మావా. ఎల్తాను."

"ఉండు." ముసలాయన ఒడ్డుమీద ఆడవాళ్ళ వైపు తిరిగాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "మీ అత్త పోయి ఏడేల్లయినాది. నానూ ఆలి పోయినోన్నే. రోజూ పొద్దున్న బోటు మీద మొదటి సెయ్యి నాదే. అరిష్టమని ఒక్కలన్నారేటి? నా కొడుకు ఎల్లిన పొద్దున్న కూడా ఆ బోటు మీద సెయ్యి ఏసింది నానే. ఎదురొచ్చినోల్లందరూ ముత్తయిదువులే. ఇదీ ఆ పొద్దున్న ముత్తయిదువే. మరి సముద్రం ఎవుల్ని సూసి ఆన్ని తీసుకెల్లినాదో సెప్పండి."

నరసన్న ఒక్కొక్క ముఖమే చూశాడు.

"తెల్దు కదా. తెలీని పాపం ఒక ఆడదాని నెత్తిన పెట్టీసినాం. పెట్టినోల్లలో నానే పెద్దోన్ని. రేపటినుంచి ఇది నా పక్కనే నిలబడతాది."

పుణ్యవతి ఏదో అనబోయింది. సీతాలు కాసమ్మ మణికట్టు పట్టుకుని నీళ్ళ దాకా తీసుకెళ్ళింది. బోటు దిగిన జగ్గన్న వదినని అక్కడ చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. తండ్రి ముఖం చూశాడు. తర్వాత, "ఒదినా, గంప పట్టు," అన్నాడు.

సీతాలుకి ఆ రోజు తెలిసింది ఇంతే: ఒకరిని చీకట్లో కూర్చోబెట్టి వెలిగించుకున్న దీపం మన ముత్తయిదుతనం కాదు, మన పిరికితనం. సాటి ఆడదాన్ని వెనక్కి నెట్టి తెచ్చుకున్న చోటులో మనకోసం సిద్ధంగా ఉండేది రాయే.

పొద్దు గుంకక ముందే కానాగంతల పులుసు పొయ్యి దిగింది. కాసమ్మ తన సత్తుకంచం కోసం పెరటి అరుగు మీదికి వెళ్తే అది అక్కడ లేదు. లోపల, నరసన్న కంచానికీ సీతాలు కంచానికీ మధ్య ఉంది. ఆమె గడప మీద కాసేపు నిలబడింది. వచ్చి కూర్చుంది.

కాసేపటికి జగ్గన్న అలవాటు కొద్దీ, పులుసు కోసం, కంచం వదినవైపు జరిపాడు. సీతాలు కడుపులో ముల్లు కదిలింది. ఆమె దాన్ని ముద్దతో పాటు మింగి, పులుసు గిన్నె కాసమ్మ చేతికి అందించింది. కాసమ్మ ముందు సీతాలు కంచంలో వేసి, తర్వాత జగ్గన్నకి వేసింది. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు.