గోదా టీచరు గొంతు

గోదాదేవి టీచరు ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగుతుండగానే, శ్రీకరి ఫోనులో అదే టీచరు గొంతు ఓటీపీ అడిగింది.

"బాగుండావా శ్రీకరీ? నీ ఫోనుకు ఆరంకెల నంబరు వచ్చింటుంది. అది చెప్పమ్మా."

శ్రీకరి ఫోను కట్ చేసింది. 

కార్వేటినగరంలోని ఆ ఇంటికి ఆమె వచ్చింది టీచరుకు శాలువా కప్పి వీడియో తీసుకోవడానికి. చూపులేనివాళ్ళకు పుస్తకాలు చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ 'చదువరి'కి గొంతిచ్చింది టీచరే. తిరుపతిలో పదిమంది కూడి జీతం బత్తెం లేకుండా తయారుచేశారు. ప్రోగ్రాము రాసిన మునిశేఖర్ ఇప్పుడు కెమెరా పట్టుకుని పక్కనే ఉన్నాడు. ప్రచారమంతా శ్రీకరిది. 'టీచరు దగ్గర చదివినవాళ్ళు మీ బ్యాచ్, ఫోను నంబరు కింద రాయండి' అని పోస్టు పెట్టింది ఆమే. నాలుగు వందలమంది రాశారు. దొంగలకు అంతకన్నా ఏం కావాలి?

కానీ కంప్యూటరుతో అనుకరించడానికి టీచరు గొంతు వాళ్ళకు ఎలా దొరికింది? పోలిక తెలియకుండా మార్చి వాడాలనీ, అసలు రికార్డింగులు బయటికి పోకూడదనీ టీచరు ఆనాడే షరతు పెట్టారు. శ్రీకరి మాటిచ్చింది.

ముందు సంగతి టీచరుకు చెప్పి, శిష్యుల గ్రూపులో హెచ్చరిక పెట్టింది: 'టీచరు గొంతుతో ఎవరు ఫోన్ చేసినా నమ్మకండి. వెంటనే పెట్టేయండి.'

"మునిలక్ష్మి అమాయకురాలు. దానికి నేనే చెప్తాను" అంటూ టీచరు నగరిలో ఉన్న ఆ పాత శిష్యురాలికి ఫోను కలిపారు. "మునిలక్ష్మీ, నేనమ్మా, టీచర్ని."

"సిగ్గు లేదా మీకు? మా టీచరు గొంతు దొంగిలించి బతకతాండారే. పెట్టు ఫోను."

మరో శిష్యుడు కుప్పయ్యకు చేశారు. రెండు మాటలు విని అతనూ పెట్టేశాడు. మూడో నంబరు ఎత్తనే లేదు.

టీచరు ఫోను ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇరవై తొమ్మిదేండ్లు ఈ గొంతుతోనే పాఠం చెప్పినాను. నువ్వు మాటిచ్చినావు కదమ్మా."

శ్రీకరి ఫోనులో 'చదువరి' వెబ్‌సైటు తెరిచింది. అసలు రికార్డింగులన్నీ టీచరు పేరుతో సహా అక్కడున్నాయి. పదకొండు వేలమంది దించుకున్నారు. ఇప్పుడు తీసేసినా ఆ కాపీలు వెనక్కి రావు. పెట్టినవాడి పేరు పక్కనే ఉంది. ఆమె ఫోను మునిశేఖర్ వైపు తిప్పింది.

"శేఖర్, ఇది నువ్వేనా?"

అతను కెమెరా కింద పెట్టాడు.

"నేనే టీచర్. మార్చిన గొంతును మూడు నెలల్లో నలభైమంది తీసుకున్నారు, అంతే. అంతా తెరిచి పెట్టకుంటే ఇదేం ఓపెన్ సోర్స్ అప్పా అని బయటోళ్ళు ఎగతాళి చేసినారు. అసలు గొంతు పెట్టినాను. ఒక్క వారంలో నాలుగు వేలమంది వచ్చినారు. శ్రీకరి తన ప్రచారంతోనే వచ్చినారనుకుని సంతోషంతో ఏడ్చింది. అప్పుడు చెప్పడానికి నోరు రాలేదు. ఎవుడన్నా ఇట్లా వాడతాడేమోనని ఆ పొద్దే అనిపించింది టీచర్. అయినా తీసేయలేదు. ఆ అంకె పెరగతా ఉంటే సూస్తా కూర్చున్నాను."