సమ్మమ్మ రోజులు

నూలు మిల్లు లెక్కలో సమ్మమ్మ బదిలీ కార్మికురాలు. పర్మనెంటు వాళ్ళలో ఎవరైనా ఆ పూట రాకపోతే వాళ్ళ మిషను మీద నిలబడే మనిషి అన్నమాట. పొద్దున ఆరున్నరకల్లా గేటు ముందు లైనులో ఉండాలి. లోపలినుంచి, మిషన్ల మీద మనుషులను పెట్టే జాబరు యాదగిరి వచ్చి ఇవాళ నూలు చుట్టే రీలింగులో ముగ్గురే కావాలని మూడు వేళ్ళు చూపించి, ముగ్గురిని తీసుకుని పోతాడు. మిగిలిన వాళ్ళు వెనక్కి తిరిగి ఎక్కడ కూలి దొరికితే అక్కడికి పరుగెత్తాలి. ఆరేళ్ళుగా ఇదే వరస. రేపు లోపలా బయటా అన్నది తెల్లవారితే గాని తెలియని బతుకు, మనిషిని కుదురుగా కూర్చోనిస్తుందా? సమ్మమ్మ అన్నం కూడా నిలబడే తినేది. మొగుడు మొగిలి గింజల మార్కెట్లో హమాలి. మొయ్యడానికి బస్తాలున్నాయా లేవా అన్నదొక్కటే ఆయనకు పట్టేది. ఈమె తిప్పలు ఆయనకు ఎక్కవు.

అయితే గడిచిన ఎనిమిది నెలలుగా సమ్మమ్మ లైనులో నిలబడిందే లేదు. రోజూ లోపలే ఉంది, రీలు ముందే ఉంది, నూలు చిలపలు చుడుతూనే ఉంది. కాకపోతే తన పేరు మీద కాదు, తన యారాలు కట్టమ్మ పేరు మీద.

కట్టమ్మ అంటే మొగిలి అన్న పెండ్లాం. ఆయన పోయి పదేళ్ళయింది. యారాళ్ళిద్దరిదీ ఒకే వాకిలి, ఒకే పొయ్యి. కట్టమ్మ రీలింగులో పద్దెనిమిదేళ్ళ సర్వీసున్న పర్మనెంటు మనిషి. నిరుడు ఎండాకాలంలో దగ్గు మొదలై, వానలు పడేసరికి కొంగులో నెత్తురు కనపడింది. ప్రైవేటు డాక్టరు టీబీ అన్నాడు. ఆ మాట మిల్లులో పొక్కితే పని నుంచి తీసేస్తారని కట్టమ్మ వణికిపోయింది. వాడలో పొక్కితే నల్లా దగ్గర బిందె కూడా పెట్టనివ్వరు. అందుకని ఎవ్వరికీ చెప్పకుండా, గేటు దగ్గర చూపించే తన ఇత్తడి బిళ్ళ సమ్మమ్మ చేతిలో పెట్టింది.

ఇదేదో వీళ్ళిద్దరే కనిపెట్టిన దొంగతనం అనుకునేరు. ఆ మిల్లులో ఇది పాత అలవాటు. అన్నకు జ్వరమొస్తే తమ్ముడు, అత్తకు కాలు విరిగితే కోడలు బిళ్ళ పట్టుకుని వచ్చేవాళ్ళు. బిళ్ళ మీద నంబరు ఉంటుంది గాని ముఖం ఉండదు కదా. మిషను తిరగాలి, చిలపలు దిగాలి, ఎవరి చేయి తిప్పితే నాకేం అనేవాడు యాదగిరి. టైమాఫీసు గుమస్తా పాండురంగం బిళ్ళ నంబరు చూసి హాజరు వేసేవాడు. తల ఎత్తి చూడటం ఆయన డ్యూటీలో లేదట. ఎవరికి వాళ్ళు మనవాళ్ళను కాపాడుకుంటున్నాం అనుకున్నారే గాని, ఆ బుక్కును ఎవడో ఒకడు కూర్చుని చదువుతాడని ఒక్కరికీ తోచలేదు.

చదివేవాడు రానే వచ్చాడు. ఎనభై మూడులో మిల్లుకు కొత్తగా పర్సనెల్ ఆఫీసరు పోస్టు వేసి, హైదరాబాదులో ఆ చదువే చదువుకున్న రాజేశ్వర్ రావును పంపారు. అంతకుముందు ఉన్న లేబరు ఆఫీసరు పనల్లా గేటు దగ్గర నిలబడి అరవడం. ఈయన ఒక్కనాడూ అరవలేదు. మూడు నెలలు గదిలో కూర్చుని మూడేళ్ళ హాజరు బుక్కులు తిరగేసి, గోడకు పెద్ద చార్టు అంటించాడు. ఏ డిపార్టుమెంటుకు ఎంతమంది కావాలి, రోజుకు ఎంతమంది రావడం లేదు, వాళ్ళ బదులు ఎంతమందిని సిద్ధంగా ఉంచాలి అన్నీ అందులో ఉన్నాయి. లెక్క వరకు చూస్తే తప్పు లేదు. నూటికి నలుగురు కూడా గైర్హాజరు కావడం లేదని తేలింది. అలాంటి మిల్లుకు అరవై నాలుగు మంది బదిలీలు దేనికి? ఇరవై మంది చాలు. గడిచిన ఏడాదిలో బదిలీ కార్డు మీద ఎక్కువ రోజులు పడ్డ ఇరవై మందిని ఉంచి, మిగిలిన కార్డులు ఒకటో తారీకు నుంచి రద్దు.

ఆ నోటీసు గేటుకు కట్టిన పొద్దున సమ్మమ్మ టైమాఫీసు కిటికీ దగ్గరికి పోయి తన రోజులెన్నని అడిగింది. పాండురంగం బుక్కు తెరిచి అరవై ఒకటి అన్నాడు. ఇరవయ్యో పేరు యాకమ్మది, ఆమెకు నూట పన్నెండు. సమ్మమ్మ పేరు ఎక్కడో అడుగున. ఏడాదిలో రెండు వందల అరవై రోజులకు పైగా రీలు ముందు నిలబడిన మనిషికి అరవై ఒకటి! మిగతావి ఏమైనాయో పాండురంగానికి తెలుసు, అయినా ఆయన బుక్కు మూసి కలం కడుక్కోవడానికి లేచాడు.

ఆ సాయంత్రం సమ్మమ్మ కోపమంతా కట్టమ్మ మీద పడింది. నీ బిళ్ళ మోసి మోసి నా కార్డు మట్టిలో కలిసిందనీ, ఆరేళ్ళ నా గోస గంగలో పోయిందనీ ఉన్నవీ లేనివీ అనేసింది. ఆ రెండు వందల రోజులు తన కార్డు మీద పడి ఉంటే లిస్టులో మొదటి పేరు తనదే అయ్యేది. వచ్చే ఏటికి పర్మనెంటు అయ్యేదేమో కూడా. వాకిట్లో అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు తిరుగుతూనే అంది, ఒక్కచోట నిలబడితేగా.

కట్టమ్మ మంచంలోనే లేచి కూర్చుని దగ్గు ఆగేదాకా ఆగింది.

"తప్పు నాదే. రేపు పోయి ఆఫీసరుకు ఉన్నదున్నట్టు చెప్పు చెల్లె. నీ రోజులు నువ్వు రాయించుకో" అంది.

ఆ మాటతో సమ్మమ్మకు ఇంకా కోపమొచ్చింది. ఎదురు తిరిగి నాలుగు మాటలంటే చెప్పడం తేలిక అయ్యుండేది. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. చెప్తే అక్క నౌకరి పోతుంది, చెప్పకపోతే నాది పోతుంది. ఎన్నిసార్లు తిప్పి చూసినా మూడో దారి కనపడలేదు.

తెల్లారి బిళ్ళ కొంగున ముడేసుకుని పోయింది గాని షెడ్డులోకి పోలేదు. సీదా ఆఫీసరు గదికి పోయింది. రాజేశ్వర్ రావు కూర్చోమన్నాడు. ఆరేళ్ళలో మిల్లులో కుర్చీ చూపించింది ఆయనొక్కడే, అయినా ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు. బిళ్ళ విప్పి బల్ల మీద పెట్టింది.

ఆయన నంబరు చూశాడు. చార్టు దగ్గర ఒక లిస్టు తీసి, "కట్టమ్మ. ఎనిమిది నెలల్లో ఒక్క నాగా లేదు. రీలింగులో మొదటి హాజరు నీదేనమ్మా" అని మెచ్చుకున్నాడు.

"నేను కట్టమ్మను గాదు సార్. ఆమె ఇంట్ల పండింది. టీబీ. ఆ హాజరు నాది."

ఒకసారి నోరు తెరిచాక ఇక ఆగలేదు. అన్నీ చెప్పేసింది. ఆయన వింటూ వింటూ కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. ఇట్లా బిళ్ళల మీద పనిచేసే వాళ్ళు ఇంకా ఎంతమంది అని అడిగాడు. ఒక్క రీలింగులోనే పదకొండు మంది ఉన్నారని సమ్మమ్మకు తెలుసు. తన సంగతి తప్ప ఇంకొకరి సంగతి తనకు ఎరుక లేదంది. ఆయన తిరిగి గోడ మీది చార్టు వైపు చూశాడు. ఆ లెక్క అప్పటికే హైదరాబాదు పోయి, సంతకాలై వచ్చింది. ఇంతమంది ఒకరి వెనక ఒకరు దాక్కుని చేసిన పనిని చూసి, మనుషులు ఎక్కువయ్యారని తేల్చింది ఆయనే.

ఆయన మళ్ళీ ఆమె వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "ఆమె రోగమని ఎందుకు రాసివ్వలేదమ్మా? టీబీకి ఈఎస్ఐలో పది నెలల సెలవుంది. సగం జీతం ఇస్తారు, మందులు ఇస్తారు. నౌకరీ ఎక్కడికీ పోదు."

సమ్మమ్మ బల్లకు ఇంకా దగ్గరికి జరిగింది. పది నెలల సెలవు. ఎనిమిది నెలలుగా ఇద్దరూ చచ్చి బతుకుతూ దాచింది దేన్ని? నిరుడే ఒక్క కాగితం రాసి ఉంటే అక్క దవాఖాన మందు తినేది, అక్క మిషను మీద తను సొంత కార్డుతో నిలబడేది. ఈ ముక్క ఇన్నాళ్ళు ఒక్కరూ ఎందుకు చెప్పలేదని అడిగింది. నోటీసు బోర్డు మీద ఉందన్నాడు ఆయన. అది ఇంగ్లీషులో ఉందని ఆయనకే గుర్తొచ్చినట్టుంది, మాట సగంలో ఆపేశాడు.

"మరి ఇప్పుడు రాయుండ్రి" అంది.

రాయొచ్చు, అయితే రెండూ కుదరవని ఆయన విడమరిచి చెప్పాడు. గడిచిన ఎనిమిది నెలల నిజం కాగితం మీద పెడితే ఆ రోజులన్నీ సమ్మమ్మవి అవుతాయి, లిస్టులో పేరు పైకి వస్తుంది. కాని బిళ్ళ ఎవరిదో తప్పు వాళ్ళది కాబట్టి, దొంగ హాజరు కింద కట్టమ్మను తీసేయాలి. తీసేసిన మనిషికి సెలవూ లేదు, మందూ లేదు. అట్లా కాక బుక్కు ఎట్లా ఉందో అట్లాగే వదిలేస్తే, జీతంలో కోసే కట్టమ్మ ఈఎస్ఐ చందా తెగలేదు కాబట్టి ఇవాళ్టి నుంచి సెలవు దొరుకుతుంది. అప్పుడు ఆ రోజులు కట్టమ్మవే.

"నువ్వే చెప్పమ్మా. ఇక్కడ ఏం మాట్లాడామో నేను మరిచిపోతాను" అన్నాడు.

సమ్మమ్మకు ఏడుపొచ్చింది. అక్క మీద కాదు, ఈయన మీదా కాదు. ఇంత చిన్న సంగతి తెలియక పోయిన రోజుల మీద వచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇయ్యాల్టి నుంచే రాయుండ్రి సార్" అంది.

ఆయన దవాఖాన డాక్టరుకు చీటీ రాసి, సెలవు ఫారం నింపి ఇచ్చాడు. కట్టమ్మ మిషను ఖాళీ అయింది గనక యాదగిరిని పిలిచి ఒక బదిలీని పెట్టమన్నాడు. యాదగిరి సమ్మమ్మ వైపు చూశాడు. సమ్మమ్మ కూడా ఆశపడింది, అబద్ధమెందుకు? కాని ఎవరిని ముందు పిలవాలో కొత్త లిస్టే చెబుతుంది. అప్పటికి గేటు దగ్గర ఇంకా మిగిలి ఉన్న వాళ్ళలో రోజులు ఎక్కువున్నది యాకమ్మకు. పిలుపు విని యాకమ్మ ఉరుకుతూ లోపలికి వచ్చింది. సమ్మమ్మ ఆమెకు ఎదురొచ్చి, ఆ రీలుకు ఎడమ పక్క దారం తెగుతుంటుంది, జర చూసుకొమ్మని చెప్పి బయటికి నడిచింది.

ఇంటికొచ్చేసరికి తొమ్మిది కూడా కాలేదు. కట్టమ్మ వాకిట్లో గోడకు ఆనుకుని, నౌకరి పోయిందన్న కబురు కోసం కూర్చుని ఉంది. సమ్మమ్మ ఫారం ముందు పెట్టి, పది నెలల సెలవు సంగతి, రేపు దవాఖానకు పోవాల్సిన సంగతి ఒక్క ఊపిరిలో చెప్పింది. కట్టమ్మకు నమ్మకం కుదరలేదు. రెండుసార్లు చెప్పించుకుని, వేలికి సిరా రాసుకుని ముద్ర వేసింది.

"మరి నీ రోజులు?" అంది.

"నీ సెలవంత నా రోజులే అక్కా. ఒక్కటి గుడ వేస్టు జెయ్యకు, మందులు తిను."

కట్టమ్మ ఏదో అనబోయింది గాని దగ్గు అననివ్వలేదు. సమ్మమ్మ ఆమె పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి, దూలానికి తగిలించిన చేట తీసుకుని, మార్కెట్లో చెరిగే కూలి ఏమన్నా మిగిలిందేమో చూడటానికి పోయింది.