తువ్వాలు కప్పిన డ్రమ్ము

నోటి నిండా మేకులు పెట్టుకుని అతను సోఫా వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాలుకతో ఒక్కో మేకునీ పెదవుల మధ్యకి నెట్టడం, అయస్కాంతపు సుత్తికి అంటించుకోవడం, రెండో చేత్తో పట్టీ బిగించి చెక్కలోకి దించడం. మొదటి దెబ్బ మేకు నిలబడడానికి, రెండోది దిగడానికి. పొట్టి మనిషి, వెడల్పాటి మణికట్లు. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడు చూసినా నల్లగానే ఉంటుంది. కనుబొమల మీద ఫోమ్ పొడి తెల్లగా పేరుకుంది. అతని సుత్తి దెబ్బ పక్క వీధిదాకా వినపడుతుంది. "కాస్త మెల్లగా" అని అతనితో ఎవరూ అనని చోటు ఇదొక్కటే.

అందరూ అతన్ని తువ్వాలు అంటారు. ఆ పేరు చర్చి సంఘంలో పుట్టి బజారుదాకా వచ్చింది. ఎందుకొచ్చిందో దుకాణంలో ఎవరికీ తెలియదు. చెమట ఎక్కువ పడుతుంది కాబోలని యజమాని అనుకుంటాడు. అతనూ చెప్పలేదు. చెప్పాలంటే నోట్లో మేకులు తియ్యాలి.

ఆ రోజు పొద్దున్న మాత్రం హుషారుగానే వచ్చాడు. అతను డ్రమ్ములు వాయించిన పాటల బృందం పుట్టి ఏళ్ళూ పూళ్ళూ గడిచాయని, పెద్ద మందిరంలో సాయంత్రం కూటం పెట్టారు. పాతవాళ్ళంతా మళ్ళీ కలిసి పాడాలి. "ఈసారి తెర లేదురా, నిన్నందరూ చూస్తారు" అని బావ ఫోన్లో చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ అతనికి నిద్ర సరిగ్గా పట్టలేదు. భార్య కొత్త చొక్కా కుట్టించింది. పొద్దున్నే ఇస్త్రీ చేసి కుర్చీ వీపుకి తగిలించి, "ముందు కూర్చునే మనిషి కాలరు నలిగి ఉండకూడదు" అంది.

మధ్యాహ్నం బావే దుకాణానికి వచ్చాడు. భార్యకి అన్న, బృందానికి గొంతు. జుట్టంతా నెరిసినా ఆ గొంతు మాత్రం చెక్కు చెదరలేదు. పరుపుల మధ్య నుంచి అడుగులు చూసుకుంటూ వచ్చి, సగం కుట్టిన సోఫా చేతి మీద కూర్చున్నాడు.

"ఒరేయ్ బావా, నీకో మంచి మాట చెప్దామని వచ్చాను. మందిరంలో డ్రమ్ములకి గాజు గది కట్టారు. నాలుగు వైపులా గాజు, తలుపు కూడా గాజే. చప్పుడు బయటికి రాదు. సౌండు చూసే ఆయన ఎంత కావాలో అంతే వదుల్తాడు. ఇప్పుడు పెద్ద సంఘాలన్నిటిలో ఇదే పద్ధతి."

అతను తలెత్తి చూశాడు. మేకులు పళ్ళకి తగిలి గరగరమన్నాయి.

"తెర ఉండదన్నాను కదా, చూశావా? గాజే కనక అందరికీ కనపడతావు! నీకోసం నేనే దగ్గరుండి తుడిపించాను." బావ మొహం నిజంగానే వెలిగిపోతోంది. చెల్లెలి మొగుడికి పెద్ద గౌరవం చేయించానన్న సంతోషంలో ఉన్నాడు. "ఆ తువ్వాలు మాత్రం మర్చిపోకు. అది లేకపోతే అది మన పాట కాదు. సరేనా? సరే."

భుజం తట్టి వెళ్ళిపోయాడు. జవాబు కోసం ఆగలేదు, ఏనాడు ఆగాడు కనక!

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. తర్వాతి మేకుని ఎంత బలంగా కొట్టాడంటే చెక్క నిలువునా చీలింది. లోపల్నుంచి యజమాని, "ఏమయ్యా తువ్వాలూ, ఆ సోఫా నీకేం అపకారం చేసింది?" అని అరిచాడు. అతను చీలిన చెక్క ఊడదీసి ఇంకోటి కొయ్యడం మొదలుపెట్టాడు.

గాజు గదట. తుడిపించాడట!

దేవుని పాటకి ఎలక్ట్రిక్ గిటారు తగిలించడం ఎవరూ ఎరగని రోజుల్లో మొదలుపెట్టారు వాళ్ళు. మందిరం వెనక విరిగిన బెంచీలు దాచే గదిలో నలుగురు. బావ పాడేవాడు. టపా బట్వాడా చేసే స్నేహితుడు గిటారు వాయించేవాడు. బళ్ళో సంగీతం చెప్పే పంతులమ్మ పియానో దగ్గర కూర్చునేది. అతను అప్పుడే సోఫాల పనిలో చేరాడు, డ్రమ్ముల చర్మాలు తనే బిగించుకునేవాడు. సరిగ్గా ఆ గదికి పైగదిలోనే పాస్టరుగారి తల్లి మంచం పట్టి ఉండేది. మొదటిరోజు అతను ఒక్క వరస కొట్టాడో లేదో పెద్దలు దిగొచ్చారు. గిటారు సరే అన్నారు, పియానో సరే అన్నారు. డ్రమ్ములంటే మాత్రం సాతాను వీపు మీద వాయించే వాయిద్యమన్నట్టు మూతులు ముడిచారు. పరిశుద్ధ గ్రంథంలో తాళాలూ తంబురలూ లేవా అని అతను అడగబోయాడు. పెద్దావిడ పడుకుందన్నారు. అతను కర్రలు కింద పెట్టాడు.

అప్పుడు బావ చెల్లెలు వాళ్ళింట్లో ఆరేసిన పచ్చ తువ్వాలు ఒకటి తెచ్చి చిన్న డ్రమ్ము మీద పరిచింది. "ఇప్పుడు కొట్టండి" అంది. కొడితే దిండు మీద గుద్దినట్టు వచ్చింది. పెద్దలు తలలూపారు. తువ్వాలు కప్పాలి, ముందు తెర కట్టాలి, కొట్టేవాడు జనానికి కనపడకూడదు. ఈ షరతుల మీద బృందం మొదలైంది. ఆ తువ్వాలు తెచ్చినమ్మాయిని అతను పెళ్ళి చేసుకున్నాడు. తన జీవితం మొత్తంలో ఆ తువ్వాలు తనకి చేసిన మేలు అదొక్కటే అని అతను అంటుంటాడు.

పెద్దావిడ పోయింది. తువ్వాలు పోలేదు. ఎందుకంటే జనానికి ఆ మెత్తటి చప్పుడే నచ్చింది. పాత వ్యాను కొనుక్కుని ఊరూరా తిరిగారు. బడి హాళ్ళు, జైలు వరండాలు, ఆసుపత్రి ఆవరణలు. ప్రతి చోటా వ్యాను దిగగానే అతని మొదటి పని తన ముందు తానే తెర కట్టుకోవడం. పెద్ద డ్రమ్ము ముందుకి జారకుండా నేలకి చెక్కముక్క కొట్టడం రెండో పని. అందుకే సంచిలో ఎప్పుడూ సుత్తి ఉండేది. రికార్డు వచ్చింది. అట్ట మీద ముగ్గురి ఫొటో వేశారు. ఆ ఫొటో తీస్తున్నంతసేపూ పంతులమ్మ కళ్ళలో ఎండ పడకుండా గొడుగు పట్టుకుని నిలబడింది అతనే. రేడియోలో ఎవరో బావని అడిగారు, మీ పాటల్లో ఈ మెత్తదనం ఎక్కణ్ణుంచి వచ్చిందని. "ప్రార్థనలోంచి" అన్నాడు బావ. అతను ఆ మాట వ్యాను కింద పడుకుని, టైరు విప్పుతూ విన్నాడు.

అందరికంటే పేరు తెచ్చిన పాట దేవుడొచ్చి తలుపు తట్టే పాట. ఆ తట్టుడు అతనిదే. ఒకసారి వ్యాను మొరాయిస్తే, తోవలో విసుగెత్తి తలుపు రేకు మీద కొడుతూ కూర్చున్నాడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి, ఇంకో దెబ్బ. బావ దాని మీద మాటలు కట్టాడు. "తలుపు తట్టే పాటలో తలుపు చప్పుడు వినపడకపోతే ఎలా బావా? ఒక్కసారి తువ్వాలు తీసి కొడతాను" అని అతను ఆ ఒక్కరోజే నోరు విప్పి అడిగాడు. "ప్రభువు మెల్లగా తడతాడురా" అన్నాడు బావ. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెన్ అన్నారు. అతను తువ్వాలు మళ్ళీ సర్దుకున్నాడు.

తర్వాత క్యాసెట్లొచ్చాయి, కొత్త బృందాలొచ్చాయి, వ్యాను తుప్పు పట్టింది. గిటారాయనకి చెవులు పోయాయి. ఎవరి బతుకుల్లో వాళ్ళు పడ్డారు. అతనికి మాత్రం ఆ ఒక్క కోరిక గొంతులో మేకులా అలాగే ఉండిపోయింది. తువ్వాలు లేకుండా, జనం ముందు, ఆ ఒక్క పాట.

సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ గాజు గది సంగతి చెప్పాడు. భార్య వింటూ నిలబడింది.

"మీరేమన్నారు?"

"నోట్లో మేకులున్నాయి."

"ఉంటాయి! మా అన్నయ్యకి మీ నోట్లో మేకులుంటే మీరు సరే అన్నట్టే. పెళ్ళి మాటలప్పటి నుంచీ చూస్తున్నాను. ఉమ్మేసి మాట్లాడడం ఎప్పుడు నేర్చుకుంటారు?" ఆవిడ విసురుగా లోపలికెళ్ళింది. తువ్వాలు తెచ్చి సంచి మీదికి విసిరింది. ఎన్నోసార్లు చిరిగితే ఆవిడే అంచు మడిచి నల్ల దారంతో కుట్టింది. ఉతికి ఉతికి పచ్చదనం పోయి పాచిరంగు మిగిలింది. "ఇది పరిచింది నేనే కదా. ఇవాళ తియ్యండి. తియ్యకపోతే నా మీద ఒట్టే."

"తీస్తాను" అన్నాడు.

మందిరం కిక్కిరిసిపోయింది. గాజు గది వేదికకి ఓ మూల మెరుస్తోంది, నిజంగానే తుడిపించాడు. అతను లోపలికి వెళ్ళి కూర్చోగానే ఒక సంఘపెద్ద చిరునవ్వుతో తలుపు మూశాడు. మందిరంలో గోల టక్కున ఆగిపోయింది. తన ఊపిరి తనకే వినపడింది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే బావ గొంతు ఎక్కడో డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది. అద్దాల బీరువాలో పెట్టిన కప్పులా ఉన్నాను అనుకున్నాడు.

మొదటి పాటలకి తువ్వాలు తియ్యలేదు. ఎప్పటిలాగే కుక్కిన పేనులా వాయించాడు. చివర్లో తలుపు పాట వచ్చింది. మొదటి చరణం బావదీ పియానోదీ. ఆ లోపు అతను తువ్వాలు లాగి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండో చరణానికి కర్ర ఎత్తి, ఇన్నేళ్ళ కసి మణికట్టులోకి తెచ్చుకుని కొట్టాడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి, ఇంకో దెబ్బ. గాజులు అదిరాయి. అతని పళ్ళు అదిరాయి.

జనంలో ఎవరూ కదల్లేదు. ముందు వరసలో భార్య కేసి చూశాడు. ఆవిడ చెవి ముట్టుకుని, అరచెయ్యి అడ్డంగా ఊపింది. వినపడట్లేదు. హాలు చివర సౌండు చూసే ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని మీట కిందికి దించుతున్నాడు.

రెండో చరణం అయ్యాక పంతులమ్మ ఒక్కతే వాయించే ముక్క ఉంది. అతను హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. లేచి గాజు తలుపు బార్లా తెరిచాడు. తువ్వాలుని మడత మీద మడత పెట్టి, తలుపు కిందికి దూర్చి, సంచిలోంచి సుత్తి తీసి దాని పిడితో లోపలికంటా దిగగొట్టాడు. సోఫా పట్టీ బిగించినవాడికి అదొక పని కాదు. ముందు వరసవాళ్ళు మెడలు చాచి చూశారు. అతను వెనక్కొచ్చి కూర్చున్నాడు.

మూడో చరణానికి కొట్టాడు.

ఈసారి చప్పుడు గోడదాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఎక్కడో ఓ చంటిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. ముసలాయన ఒకాయన వెనక్కి తిరిగి మందిరం తలుపు కేసి చూశాడు, నిజంగా ఎవరో వచ్చారనుకుని. సంఘపెద్ద అదే చిరునవ్వుతో గబగబా వచ్చి గాజు తలుపు తోశాడు. కదల్లేదు. భుజంతో నెట్టాడు. వంగి తువ్వాలు అంచు పట్టుకుని లాగాడు. దారం తెగింది గానీ తువ్వాలు రాలేదు. చిరునవ్వు పోయింది. అతను ఆయన తల పక్కనే కొడుతున్నాడు, ఇత్తడి తాళాల మీదా కొడుతున్నాడు, మణికట్లు మండుతున్నాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అయినా ఆపడం లేదు. వినండి! తట్టడమంటే ఇదీ!

బావ పాడుతూనే వెనక్కి తిరిగాడు. ఇన్ని పాటల్లో, ఇన్ని ఊళ్ళలో, వేదిక మీద బావ అతని మొహం చూడడం అదే మొదలు. చూసిన ఆ క్షణం పాటలో ఒక మాట పాడడం మర్చిపోయాడు. మళ్ళీ జనం వైపు తిరిగి అందుకున్నాడు.

పాట అయిపోయింది.  బావ మైకు దగ్గరికి తీసుకుని, "మా తువ్వాలుకి ఇవాళ కాస్త ఆత్మ ఎక్కువైంది" అన్నాడు. హాలంతా నవ్వింది. మనసు తేలికపడ్డ నవ్వు, బావకి అలవాటైన నవ్వు.

అతను కర్రలూ సుత్తీ సంచిలో వేసుకున్నాడు. గాజు గదిలోంచి బయటికొచ్చి బావ పక్కన ఆగాడు. నోట్లో మేకులు లేవు.

"నేను వెళ్తున్నాను బావా."

"ఇంకో పాట ఉందిరా" అన్నాడు బావ, మైకుకి చెయ్యి అడ్డం పెట్టి.

"పాడుకో. ఇంక నన్ను పిలవకు."

బావ మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ, కళ్ళు మాత్రం చిన్నపిల్లాడివైపోయాయి. ఏదో అనబోయాడు. అతను జవాబు కోసం ఆగలేదు. పక్క తలుపులోంచి మెట్లు దిగాడు. భార్య చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెనకే వచ్చేసింది. వీధిలో చల్లగాలి తగిలాక గానీ అతనికి చొక్కా వీపుకి అతుక్కుపోయిందని తెలియలేదు.

"వినపడిందా?" అనడిగాడు.

"వినపడింది" అంది ఆవిడ. కొంగుతో అతని మొహం తుడిచింది. "తువ్వాలు వదిలేసి వచ్చారు."

"ఉండనీ."

లోపల బావ డ్రమ్ములు లేకుండానే చివరి పాట ఎత్తుకున్నాడు. ఎవరో గాజు తలుపు మళ్ళీ లాగి చూస్తున్నారు. దాని కింద తువ్వాలు, నల్ల దారం ఒక పక్క ఊడి వేలాడుతుండగా, బిగుసుకుపోయి ఉంది.